కుద్రేముఖ్ వీకెండ్ ప్యాకేజీ రివ్యూ: బెంగళూరు నుంచి కెమెరాతో వెళ్ళేవాళ్ళ కోసం

ముందు తీర్పు చెప్పేసి తర్వాత వివరాల్లోకి వెళ్దాం. కర్ణాటక పశ్చిమ కనుమల్లోని కుద్రేముఖ్ శిఖరం ఎక్కి దిగడమే మీకు కావలసిందైతే, శుక్రవారం రాత్రి బెంగళూరులో బండెక్కించి ఆదివారం రాత్రికి తిరిగి దింపే వీకెండ్ ప్యాకేజీ పెట్టిన డబ్బుకి న్యాయమే చేస్తుంది. ఫోటోల కోసం వెళ్ళేవాళ్ళకి మాత్రం, ఉన్నదున్నట్టు తీసుకుంటే, హ్యాండిస్తుంది. లోపం గైడుల్లో లేదు, భోజనంలో లేదు, టైమ్‌టేబుల్లో ఉంది. దాన్ని ఒకటి రెండు చోట్ల మార్పించుకోగలిగితే ఇదే ప్యాకేజీ కెమెరావాళ్ళకీ బాగా పనికొస్తుంది.

మారతహళ్ళి, బెల్లందూరు, ఎలక్ట్రానిక్ సిటీ అపార్ట్‌మెంట్ల తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో సెప్టెంబర్ వచ్చిందంటే ఈ పోస్టర్లు వరసగా దిగుతాయి. నిర్వాహకుల పేర్లు వేరైనా లోపలి సరుకు దాదాపు ఒకటే, అందుకే ఎవరి పేరూ ఎత్తకుండా ప్యాకేజీనే తూకం వేస్తున్నాను. మనిషికి మూడున్నర వేల నుంచి నాలుగున్నర వేల దాకా తీసుకుంటారు. రానూపోనూ టెంపో ట్రావెలర్ లేదా మినీ బస్సు, కళస, సంసె చుట్టుపక్కల ఏదో ఒక హోమ్‌స్టేలో ఒక రాత్రి, రెండు పూటల టిఫిను, శనివారం కట్టిచ్చే మధ్యాహ్న భోజనం, ఆ రాత్రి భోజనం, నడక మొదలయ్యే ముళ్ళోడి ఊరి దాకా జీపు, అటవీశాఖ పర్మిట్, స్థానిక గైడు ఇందులో వస్తాయి. ఆదివారం మధ్యాహ్నం తిండి దారిలో మన ఖర్చే.

వీటన్నిటిలో అసలు విలువైనది పర్మిట్. 2024 జనవరి చివర్లో కర్ణాటకలోనే ఉన్న మరో ట్రెక్కింగ్ కొండ కుమార పర్వతం మీద జనం కిక్కిరిసిపోయిన వీడియోలు బయటికొచ్చాక కర్ణాటక అటవీశాఖ ట్రెక్కింగును ఆన్‌లైన్ బుకింగు కిందికి తెచ్చింది. ఇప్పుడు ‘అరణ్య విహార’ వెబ్‌సైట్‌లో ముందుగా బుక్ చేసుకోనిదే దారి మొదట్లోనే ఆపేస్తారు. ఒక్కో దారికి రోజుకు 300 మందికి మించి వదలరు. అక్టోబర్, నవంబర్ నెలల్లో శని ఆదివారాల కోటా ఇట్టే అయిపోతుంది కాబట్టి ముందే నిలబడి టికెట్లు తీసిపెట్టే నిర్వాహకుడికి ఇచ్చే డబ్బు వృథా కాదు. అయితే తేడా వచ్చేది కూడా ఇక్కడే. టికెట్ మీద ఉన్న పేరు, చెక్‌పోస్టులో మీరు చూపించే గుర్తింపు కార్డు ఒకటే కావాలి. ఆఖరి నిమిషంలో ఎవరో మానేస్తే ఆ సీటు ఇంకొకరికి అమ్మి ‘పరవాలేదు, మనవాళ్ళే చూసుకుంటారు’ అని పంపేవాళ్ళున్నారు. గేటు దగ్గర మనవాళ్ళెవరూ ఉండరు. రాత్రంతా ప్రయాణం చేసి వెళ్ళి జీపులో కూర్చోవాల్సి వస్తుంది.

రెండో తేడా ఇంకా మామూలుగా జరుగుతుంది. కుద్రేముఖ్ కోటా దొరక్కపోతే ‘ఇదీ అలాంటిదే’ అంటూ అదే జాతీయ ఉద్యానవనంలోని నేత్రావతి శిఖరానికి మార్చేస్తారు. నేత్రావతి మంచి దారే, నడక తక్కువ, గడ్డి కొండలు బాగుంటాయి. కానీ కుద్రేముఖ్ దారిలో మాటిమాటికీ తగిలే వాగులు, చీకటి షోలా అడవి (కొండ మడతల్లో పెరిగే చిక్కటి అడవి) ఆశించి అందుకు తగ్గ సరంజామా మోసుకెళ్ళినవాళ్ళకి అది వేరే ట్రిప్పు. కాబట్టి మిగతా డబ్బు కట్టే ముందు టికెట్ పీడీఎఫ్ అడిగి తీసుకోండి. అందులో పేరు, తేదీ, దారి పేరు, మూడూ చూసుకోండి. పోస్టరు మీద బొమ్మని లెక్కలోకి తీసుకోకండి. భారీ వర్షాలప్పుడు, ఎండాకాలంలో కార్చిచ్చు భయం ఉన్నప్పుడు శాఖ దారులు మూసేస్తుంది. అలాంటప్పుడు డబ్బు తిరిగిస్తారా, ఇంకో ట్రెక్కుకి వోచరు చేతిలో పెడతారా అన్నది కూడా అప్పుడే రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

ఇక ప్రయాణం. బండి సాధారణంగా మారతహళ్ళిలో ఎనిమిదిన్నరకి మొదలై సిల్క్ బోర్డు, బీటీఎం, మెజెస్టిక్ మీదుగా యశవంతపురం చేరేసరికి పదిన్నర దాటుతుంది. నగరం దాటడానికే రెండు గంటలు పోతాయన్నమాట. మెట్రోలో యశవంతపురం లేదా గొరగుంటెపాళ్య వెళ్ళి చివరి పికప్‌లో ఎక్కితే ఆ రెండు గంటలూ ఇంట్లో పడుకోవచ్చు. కాకపోతే అప్పటికి చక్రాల మీది వెనక వరసే మిగులుతుంది. సీటు నంబరు ముందే రాయించుకుంటే ఆ ఇబ్బంది లేదు. నెలమంగల, హాసన్, బేలూరు, మూడిగెరె, కొట్టిగెహార మీదుగా కళస దాకా 300 కిలోమీటర్లు పైనే. మూడిగెరె దాటాక మలుపులు తెల్లవారుజామున వస్తాయి, కడుపులో తిప్పే అలవాటున్నవాళ్ళు ముందు వరసే అడగాలి. కెమెరా బ్యాగు మాత్రం డిక్కీలో వేయనివ్వకండి. డిక్కీలో మీ బ్యాగు మీదికి బండిలో అందరి సామానూ ఎక్కుతుంది, ఘాటు రోడ్డు గతుకులకి లెన్సు మౌంటు కదులుతుంది. కాళ్ళ మధ్య పెట్టుకోండి, కానీ ఏసీ గాలి నేరుగా తగిలేచోట వద్దు.

ఇప్పుడు టైమ్‌టేబులు. ఈ రివ్యూకి గుండెకాయ ఇదే.

ప్యాకేజీ లెక్క ప్రకారం ఆరున్నరకి హోమ్‌స్టే, ఎనిమిదికి టిఫిను, ఎనిమిదిన్నరకి జీపులు, తొమ్మిదిన్నరకి నడక. జాబితాలో చూస్తే ముచ్చటగానే ఉంటుంది. దారి మొత్తం రానూపోనూ 20 కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. మామూలు ఆరోగ్యం ఉన్న మనిషి ఎక్కేటప్పుడు గంటకి రెండు కిలోమీటర్లు నడుస్తాడు. అంటే పైకి ఐదు గంటలు. దిగడానికి మూడున్నర నుంచి నాలుగు. మొత్తం తొమ్మిది గంటలు. చీకటి పడకముందే చెక్‌పోస్టుకి తిరిగి రావాలి. నవంబర్లో అక్కడ ఆరింటికల్లా పొద్దు గూకుతుంది. తొమ్మిదిన్నరకి మొదలుపెడితే తొమ్మిది గంటల నడకకి ఆరున్నర అవుతుంది, అప్పుడే అరగంట లోటు. ఆ లోటు పూడ్చడానికి గైడు మొదటి కిలోమీటరు నుంచే తరుముతాడు. అతని తప్పేం లేదు, లెక్క అలా ఉంది మరి.

ఇందులోకి కెమెరాని తీసుకురండి. ట్రైపాడ్ దించి, కాళ్ళు సాగదీసి, ఫిల్టరు బిగించి, నాలుగు ఫ్రేములు తీసి, మళ్ళీ సర్దుకోవడానికి చెయ్యి తిరిగినవాళ్ళకి కూడా ఐదు నిమిషాలు పడుతుంది. ఇరవైచోట్ల ఆగితే గంటా నలభై నిమిషాలు. తొమ్మిదిన్నర టైమ్‌టేబుల్లో అంత వెసులుబాటు ఎక్కడా లేదు. అదే నడక ఆరున్నరకో ఏడింటికో మొదలుపెడితే ఆ రెండు గంటలూ చేతికొస్తాయి. ఇంకో లాభం, వెలుతురు. నవంబర్లో సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో. ఏటవాలు ఎండ ఎనిమిదిన్నర తొమ్మిది దాకా ఉంటుంది. ప్యాకేజీలో ఆ సమయమంతా బాత్రూము క్యూలోనూ, ఇడ్లీ ప్లేటు దగ్గరా, జీపులోనూ అయిపోతుంది. నడక మొదలయ్యేసరికి ఎండ చదునవుతుంది, ఇంకా దారి మధ్యలో ఉండగానే నడినెత్తికొస్తుంది.

ఏటవాలు ఎండ ఇక్కడ ఎందుకంత ముఖ్యమో కొండల తీరు చూస్తే తెలుస్తుంది. పశ్చిమ కనుమల్లో ఈ ఎత్తున గాలికి ఎదురు నిలిచే వీపుల మీద గడ్డే పెరుగుతుంది. చెట్లన్నీ నీరు, తేమ నిలిచే మడతల్లోకి చేరి చిక్కటి షోలాలుగా ఉంటాయి. దూరం నుంచి చూస్తే లేత ఆకుపచ్చ కొండ, దాని మడత మడతలోనూ ముదురు ఆకుపచ్చ గీత. పక్క నుంచి వెలుతురు పడితేనే ఆ మడతలకి లోతు వస్తుంది. నడినెత్తి ఎండలో కొండంతా ఇస్త్రీ చేసిన బట్టలా కనిపిస్తుంది, ఎంత మంచి లెన్సు ఉన్నా ఫోటోలో అదే పడుతుంది. అందుకే నిర్వాహకుడిని అడగాల్సిన మొదటి మార్పు ఇది: బండి గంట ముందు బయల్దేరాలి, మనం ఐదారుగురం టిఫిను కట్టించుకుని మొదటి జీపులో వెళ్ళిపోవాలి. చెక్‌పోస్టు తెరిచే సమయానికి అక్కడుంటే చాలు. హోమ్‌స్టేవాళ్ళకి ముందు రోజు చెబితే నీర్ దోసెకి బదులు ఉప్మానో చిత్రాన్నమో డబ్బాలో పెట్టిస్తారు. ఐదారుగురు కలిస్తే వేరే గైడుని అడగొచ్చు, ఆ ఖర్చు పంచుకోవచ్చు. స్థానిక గైడులు కొండని ఎరిగినవాళ్ళు, నిదానంగా నడిచేవాళ్ళంటే విసుక్కోరు. కన్నడలో ‘స్వల్ప నిల్లి’ (కాస్త ఆగండి) అంటే నిలబడతారు, ఎక్కడ నిలబడితే బాగా కనిపిస్తుందో కూడా చూపిస్తారు. మంద మొత్తాన్ని ఒక్కడే తోలుకెళ్ళాల్సి వచ్చినప్పుడు ఆ ఓపిక ఎవరికీ ఉండదు.

ముందు మొదలుపెట్టినా శిఖరం తప్పనిసరి అని పెట్టుకోకండి. కుద్రేముఖ్ ఎత్తు 1,894 మీటర్లు, మేఘాలు ముందుగా దాన్నే పట్టుకుంటాయి. ముళ్ళోడి నుంచి మొదటి వాగులు, ‘ఒంటి మర’ అని పిలిచే ఒంటరి చెట్టు, దాని తర్వాత షోలాలోంచి గడ్డి గట్టు మీదికి తేలేచోటు, ఫోటోల లెక్కలో ఈ దారికి ప్రాణం ఈ సగమే. పైకి పోయేకొద్దీ మబ్బు లేని రోజున విశాలంగా కనిపిస్తుంది, ఉన్న రోజున తెల్లటి గోడ తప్ప ఏమీ ఉండదు. పదకొండు దాటాక కూడా శిఖరం మబ్బులోనే ఉంటే గట్టు మీదే ఆగి, మబ్బు చినిగినప్పుడల్లా కింది లోయల్ని తీయడం మేలు. వేరే గైడు ఉండాలనేది ఇందుకు కూడా.

సరంజామా విషయంలో ప్యాకేజీవాళ్ళిచ్చే జాబితా బూట్లు, టార్చి, రెయిన్‌కోటుతో ఆగిపోతుంది. కెమెరావాళ్ళు తెలుసుకోవాల్సింది ఇంకా ఉంది. బాడీ, లెన్సులు, ట్రైపాడ్ కలిపి మూడు కిలోలు దాటనివ్వకండి. రెండు లీటర్ల నీళ్ళు, భోజనం, రెయిన్‌కోటు కలిస్తే అప్పుడే ఇంకో మూడు కిలోలు. 24-105 మి.మీ. లాంటి ఒక లెన్సు, 70-200 లేదా తేలికైన 70-300 ఒకటి సరిపోతాయి. ల్యాండ్‌స్కేప్ అనగానే అల్ట్రా వైడ్ మోసుకెళ్ళేవాళ్ళుంటారు, కానీ కొండ వెనక కొండ మడతలు దగ్గరకొచ్చి కూర్చునేది టెలీలోనే, అంటే దూరాన్ని దగ్గరికి లాగే లెన్సులోనే. రెండిట్లో ఒకటే మోయగలిగితే గట్టు మీద నాకు కావలసింది 70-200.

షోలా లోపల పట్టపగలు కూడా చీకటే. ట్రైపాడ్ మీద ఎఫ్8, ఐఎస్ఓ 400 పెట్టినా షట్టరు పావు సెకను దగ్గరికి జారిపోతుంది. గాలి ఆగినప్పుడే నొక్కాలి. ఆకులు కదిలితే ఐఎస్ఓ పెంచడం తప్ప మార్గం లేదు. సర్క్యులర్ పోలరైజర్ ఇక్కడ తప్పకుండా ఉండాల్సిన ఒకే ఒక్క ఫిల్టరు. తడి ఆకుల మీద తెల్లటి మెరుపుని కోసేసి అసలు పచ్చదనాన్ని బయటపెడుతుంది. బదులుగా ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల (ఒక్కో స్టాపుకి వెలుతురు సగమవుతుంది) వెలుతురు తినేస్తుంది, దాంతో వాగు దగ్గర వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టరు అవసరం కూడా తగ్గుతుంది. నీళ్ళకి పావు నుంచి అర సెకను చాలు. అంతకుమించి ఆపితే రాళ్ళ మధ్య ప్రవాహం ఆకారం పోయి పాలు ఒలికినట్టవుతుంది. పొగమంచులో కెమెరా మీటరు తెలుపుని బూడిద రంగుగా లెక్కేసి ఫోటోని చీకటి చేస్తుంది. ఎక్స్‌పోజరు కాంపెన్సేషన్ ప్లస్ 0.7 నుంచి ప్లస్ 1 దాకా పెంచి హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగునీడలు చూపే గ్రాఫు) చూసుకోవాలి. గట్టు మీద గాలి బలంగా ఉంటుంది, ట్రైపాడ్ నడిమి కడ్డీ పైకి లేపకండి. బ్యాగు వేలాడదీస్తే దాని అడుగు నేలకి ఆనేలా ఉండాలి, లేకపోతే గాలికి ఊగి అదే ట్రైపాడ్‌ని వణికిస్తుంది.

లెన్సు మసకబారడం గురించి ఎక్కువమంది తలకిందులుగా అనుకుంటారు. పైన చలిలో కాదు, కిందికి దిగాక మసకబారుతుంది. గట్టు మీద గాలికి చల్లబడిన గాజు, వెచ్చటి తేమ నిండిన అడవిలోకి రాగానే దాని మీద నీటిపొర కడుతుంది. తుడిస్తే మళ్ళీ పడుతుంది. దిగేముందు కెమెరాని జిప్ కవరులో పెట్టి మూసేసి, అడవిలోకి వచ్చాక పదిహేను ఇరవై నిమిషాలు ఆగి తీయండి. నీటిపొర కవరు మీద పడుతుంది, గాజు మీద పడదు. తడిసిన రెయిన్‌కోటుని కెమెరా అరలో కుక్కేయడం ఇంకో పొరపాటు. ఇంటికి చేరాక బ్యాగంతా విప్పి ఆరబెట్టి, లెన్సుల్ని సిలికా జెల్ వేసిన గాలి చొరబడని డబ్బాలో పెట్టండి. ఆదివారం రాత్రి అలిసిపోయి అలాగే అల్మారాలో పెట్టేస్తే ఫంగస్‌కి అంతకంటే మంచి చోటు దొరకదు. బెంగళూరులో అద్దెకి తెచ్చుకునేవాళ్ళు షాపులోనే ఫోను టార్చి వెనక నుంచి వేసి ముందు వెనక గాజులు చూసి, వీడియో తీసి పెట్టుకోవాలి. సన్నటి దారపు పోగుల్లాంటి మరకలుంటే ఆ లెన్సు వద్దనండి. తిరిగిచ్చేటప్పుడు ఆ ఫంగస్ మీ లెక్కలోకి రాకూడదు.

నల్లమలలోనో శేషాచలంలోనో నడిచి అలవాటున్నవాళ్ళకి ఇక్కడ కొత్తగా అనిపించేది తేమ, దాంతోపాటు జలగలు. మన అడవుల్లో నీళ్ళకోసం వెతుక్కోవాలి, ఇక్కడ బూట్లు రోజంతా తడిగానే ఉంటాయి. వర్షాలు మొదలైన దగ్గర్నుంచి అక్టోబరు దాకా జలగలు బాగా ఉంటాయి, డిసెంబరుకి బాగా తగ్గుతాయి. ప్యాకేజీవాళ్ళు చేతిలో ఉప్పు పొట్లం పెట్టి ఊరుకుంటారు. తడి గడ్డిలో పది అడుగులు వేసేసరికి ఆ ఉప్పు కరిగి కారిపోతుంది. మోకాలి దాకా వచ్చే, నేత దగ్గరగా ఉన్న జలగ సాక్సులు మామూలు సాక్సుల మీద వేసుకుని, ప్యాంటు అంచు వాటిలోపలికి దోపాలి. అప్పుడు జలగ బట్ట మీదుగా పైకి పాకుతుంది, కళ్ళకి కనిపిస్తుంది, వేలితో ఎగరగొట్టొచ్చు. అంటుకున్నదాన్ని లాగి పీకకండి. సన్నటి కొస దగ్గర, అంటే నోటి దగ్గర, గోరుని చర్మానికి ఆనించి పక్కకి నెడితే పట్టు వదిలేస్తుంది, తర్వాత లావు కొసని విడిపించాలి. అది వదిలే ఒక పదార్థం వల్ల రక్తం గడ్డకట్టక కొంతసేపు కారుతూ ఉంటుంది. శుభ్రం చేసి కట్టు గుడ్డతో నొక్కి కట్టేస్తే చాలు, కంగారు పడాల్సింది లేదు. ట్రైపాడ్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని వాగు ఫోటో తీసేవాళ్ళకే జలగలు ఎక్కువ పడతాయి. చిన్న ప్లాస్టిక్ పట్టా ఒకటి పరుచుకుంటే సగం బాధ తప్పుతుంది.

దారి పక్క పొదల్లో, మోకాలెత్తు కొమ్మల మీద మలబార్ పిట్ వైపర్ కదలకుండా పడుకుని ఉండొచ్చు. పచ్చ, గోధుమ, పసుపు, ఇలా రకరకాల రంగుల్లో ఉంటుంది కాబట్టి ఆకుల్లో కలిసిపోతుంది. కొమ్మ పట్టుకునే ముందు చూడండి. ఫోటో తీయాలనుకుంటే టెలీతో దూరం నుంచే తీయాలి. కొమ్మ వంచడం, పుల్లతో కదిలించడం, ఫ్లాష్ కొట్టడం అసలు వద్దు. అడవిదున్నలు గడ్డి వాలుల మీద దూరంగా కనిపిస్తే అదృష్టమే, దారికి దగ్గరగా ఉంటే గైడు చెప్పేదాకా అడుగు వేయకండి.

హోమ్‌స్టే గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. డార్మిటరీ పరుపులు, వేడి అన్నం, సాంబారు, ఒక కూర, మజ్జిగ. ఆ నడక తర్వాత అమృతమే. ఇబ్బందల్లా ప్లగ్గుల దగ్గర: నలభై మందికి ఐదారు ఉంటాయి, కరెంటు మధ్యలో పోతుంది. నాలుగు సాకెట్ల ఎక్స్‌టెన్షన్ బోర్డు, కెమెరాకి రెండు బ్యాటరీలు, ఒక పవర్ బ్యాంకు తీసుకెళ్ళండి. సిగ్నలు మీద ఆశ పెట్టుకోవద్దు, మ్యాపులు బెంగళూరులోనే దించుకోవాలి. చెక్‌పోస్టు దగ్గర సంచులు విప్పి చూస్తారు, వాడి పారేసే ప్లాస్టిక్ తీయించేస్తారు. స్టీలు డబ్బా, స్టీలు సీసా ఉంటే అక్కడ పది నిమిషాలు మిగులుతాయి.

రెండు నిబంధనలు నిర్వాహకులు కావాలనే చెప్పరు. ఇది జాతీయ ఉద్యానవనం, 1987 నుంచి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం లోపలికి అడుగుపెట్టడమే అనుమతితో. అటవీశాఖ అనుమతి లేనిదే డ్రోను ఎగరేయకూడదు. డ్రోను 250 గ్రాముల లోపే కదా అన్న మాట ఇక్కడ పనిచేయదు. పోస్టరు మీద డ్రోను వీడియో చూపించినవాడు గేటు దగ్గర మీ తరపున మాట్లాడడు. రెండోది, కళస నుంచి కుద్రేముఖ్ ఊరి మీదుగా కార్కళ వైపు పోయే అడవి రోడ్డు. అక్కడ చెక్‌పోస్టులో సమయం రాసిన చీటీ ఇస్తారు, మధ్యలో బండి ఆపకూడదు. ‘దారిలో ఫోటో స్టాపులు’ అని రాసి ఉంటే ఎక్కడెక్కడో అడగండి. ఈ రోడ్డు పేరు చెబితే ఆ హామీ తీసేసి లెక్కేసుకోండి.

ప్యాకేజీలో అందరూ తేలిగ్గా తీసుకునేది, నిజానికి కెమెరావాళ్ళకి పండగయ్యేది ఆదివారం. షెడ్యూలు ప్రకారం ఎనిమిదిన్నరకి టిఫిను, తర్వాత ఒక జలపాతం, కళసలో కళసేశ్వర ఆలయం, మధ్యాహ్నానికి తిరుగు దారి. అంటే ఉదయం ఐదు నుంచి ఎనిమిదిన్నర దాకా సమయం పూర్తిగా మనదే. హొరనాడు దగ్గరున్న క్యాతనమక్కి కొండ మీదికి జీపు పోతుంది. దారి బాగా ఎగుడుదిగుడు, సొంత కారు అస్సలు పనికిరాదు. ఐదింటికల్లా జీపు కదిలితే వెలుతురు రాకముందే పైన ఉండొచ్చు. వర్షాలు వెనకపట్టాక చాలా ఉదయాల్లో మబ్బు కింద లోయల్లో కూర్చుని, గడ్డి కొండల వీపులు మాత్రం పైకి తేలి ఉంటాయి. ట్రైపాడ్ నిలబెట్టుకుని గంటసేపు అక్కడే ఉండొచ్చు, తరిమేవాళ్ళుండరు. శనివారం రాత్రి భోజనాల దగ్గరే హోమ్‌స్టే యజమానికి చెప్పి జీపు మాట్లాడించుకోండి. ఆరుగురు పంచుకుంటే భారం కాదు. ప్యాకేజీకి అదనంగా ఎక్కడైనా డబ్బు పెట్టాలంటే నేను మొదట పెట్టమనేది దీనికే.

ఏ నెలలో? జూలై, ఆగస్టుల్లో వాన తప్ప ఏమీ కనిపించదు, దారులు మూసే అవకాశం కూడా ఎక్కువ. సెప్టెంబరు చివరి నుంచి నవంబరు దాకా గడ్డి పచ్చగా ఉంటుంది, వాగుల్లో నీరుంటుంది, మబ్బు వస్తూ పోతూ ఉంటుంది. ఫోటోలకి ఇదే కాలం. డిసెంబరు, జనవరిలో ఆకాశం తేటగా ఉంటుంది, గడ్డి బంగారు రంగుకి తిరుగుతుంది, నడక హాయి. ఫిబ్రవరి తర్వాత ఎండిన గడ్డి, పొగమంచు బదులు పొడి మసక, కార్చిచ్చు భయం. పోస్టరు ఎంత చవగ్గా ఉన్నా అప్పుడు వద్దు.

ప్యాకేజీ లేకుండా వెళ్ళడమూ కష్టమేం కాదు. బెంగళూరు నుంచి హొరనాడుకి కేఎస్ఆర్టీసీ రాత్రి బస్సులు కళస మీదుగా పోతాయి. ‘అరణ్య విహార’లో శుక్రవారానికి టికెట్ తీసుకుని, గురువారం ఉదయమే కళస చేరి, ఆ పగలు నిద్రపోయి, మర్నాడు చెక్‌పోస్టు తెరిచే వేళకి గేటు దగ్గర ఉండడం ఫోటోలకి అన్నిటికంటే మంచి పద్ధతి. వారం మధ్య కోటా సులువుగా దొరుకుతుంది, దారిలో జనమూ తక్కువ. నలుగురైదుగురు కలిసి, రెండు రోజులు సెలవు పెట్టగలిగితే ఇలాగే వెళ్ళండి, ఖర్చు ప్యాకేజీకి అటూ ఇటూగా తేలుతుంది. ఒక్కరో ఇద్దరో అయితే మాత్రం జీపు బాడుగ, గైడు ఖర్చు మొత్తం మీ నెత్తినే పడతాయి. అప్పుడు వీకెండ్ ప్యాకేజీయే చవక. పొద్దున్న మొదటి జీపులో మీ పేరు ఉంటుందని వాట్సాప్‌లో రాయించుకున్నాకే అడ్వాన్సు పంపండి.